వెంట వచ్చిన పెద్దమనిషి

తిరువూరులో యువజన సమాచార కేంద్రమని ఒక బోర్డు వేలాడదీసి, దాని కింద నన్ను కూర్చోబెట్టిన రోజుల గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది. కాసేపటికి ఆ కోపం కూడా మిగలదు. అందుకే అది ఉండగానే ఇది రాసేస్తున్నాను.

అప్పటికి డెబ్బైల దశకం సగం దాటింది. బి.ఎ. చదివాక పెళ్ళయి, పిల్లలు హైస్కూలుకొచ్చి, ఇక నా చదువును ఇంట్లో అందరూ మర్చిపోయిన కాలంలో, మొగుడితోనూ అత్తగారితోనూ వాదించి వాదించి తెచ్చుకున్న ఉద్యోగం అది. బజారు చివర ఎరువుల కొట్టుకి ఆనుకుని ఒక గది. కిటికీ తీస్తే యూరియా ఘాటు, మూస్తే ఉక్క. ఒక బల్ల, రెండు కుర్చీలు, దినపత్రికలు, గోడకంటించిన ప్రకటనలు. పదో తరగతి, ఇంటరు చదివిన పిల్లలొచ్చి ఏ చదువుకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో, ఏ శిక్షణకి ఎవరు తగుదురో, ఆఖరు తేదీ ఎప్పుడో అడిగితే మేం చెప్పాలి. పని అంతే. ఎలా చెప్పాలన్నది మాత్రం మాకెవరూ చెప్పలేదు. ఏం చెప్పాలన్నది కూడా సగమే చెప్పారు. కాగితాలు బెజవాడ నుంచి కట్టలు కట్టుకుని వచ్చేవి. విప్పి చూస్తే వాటిలో సగం తేదీలు దాటిపోయినవి.

నాతోపాటు అక్కడ పనిచేసినాయన నాకంటే పెద్దవాడు. అంతకుముందు పల్లెలు తిరిగి రైతులకు విత్తనాల సంగతీ పురుగుమందుల సంగతీ చెప్పే ఉద్యోగం చేశాడు. ఆ పోస్టు తీసేస్తే తెచ్చి ఇక్కడ వేశారు. మంచి మనిషి. ఆయన మంచితనంతోనే నాకు పేచీ. మా గదికి కుర్రాళ్ళకంటే ఎక్కువగా మిరపకి ముడత తెగులొచ్చిందని ఆకు పట్టుకొచ్చిన రైతులే వచ్చేవాళ్ళు. ఆయన ఆకుని వెలుతురుకి పెట్టి చూసి ఓపిగ్గా చెప్పేవాడు. "ఇది యువజన కేంద్రమండీ, మిరప కేంద్రం కాదు" అని నేనంటే, "రైతుక్కూడా కొడుకులుంటారు కదా మేడమ్" అనేవాడు.

నిజానికి ఆ కొడుకులు ఒంటరిగా రారు. ఇది నాకు అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. మా వైపు ఏ పిల్లవాడు ఏ ఆఫీసుకి వెళ్ళినా వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. కమ్మవారి కుర్రాడైతే బాబాయో, పెదనాన్నో. పేటలో కూలి చేసుకునే ఇంటి పిల్లయితే, వాళ్ళ నాన్న ఎవరి పొలంలో పాలేరుగా చేస్తున్నాడో ఆ ఆసామి. దాన్ని మాటసాయం అంటారు. ఆసామి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. పాలేరు గుమ్మంలో నిలబడతాడు. ఎవరి కోసం ముగ్గురూ బస్సెక్కి వచ్చారో ఆ పిల్ల అరుగు మీద, ఎండలో. మా పెద్దాయన లేచి నిలబడి, "ఎప్పుడొచ్చారండీ, వానలెలా ఉన్నాయండీ" అని మొదలుపెట్టి, సమాచారమంతా ఆసామికి చెబుతాడు. ఆసామి తలాడించి, "సరే, చూద్దాం" అని లేస్తాడు. ముగ్గురూ వెళ్ళిపోతారు. పిల్ల నోరు తెరవదు. మేమూ అడగం.

నేను చెప్పబోయే పిల్ల కూడా అలాగే వచ్చింది. పెనుగొలను పక్క పేట. పదో తరగతి ప్యాసయింది, వాళ్ళ పేటలో ఆడపిల్లల్లో మొదటిది. వాళ్ళ నాన్న పాలేరుగా చేసే ఆసామి కుర్చీలో కూర్చుని, "నర్సు ట్రైనింగంట. మా వాడి కూతురు పోతానంటంది. చదువుకున్న పిల్ల, మనం కాదంటే బాగోదు. ఎట్టా ఏంటో చెప్పండి" అన్నాడు. మాట మంచిగానే ఉంది. మనిషి కూడా మంచివాడే. ముందే చెబుతున్నాను, ఈ కథలో చెడ్డవాడెవడూ లేడు. ఉంటే నాకెంత బాగుండేది!

మా పెద్దాయన ఆయనకి చెబుతుంటే నేను లేచి అరుగు మీదికొచ్చాను.

"నీకు నిజంగానే నర్సు అవాలనుందా, ఆసామి పంపిస్తున్నాడా?"

ఆ పిల్ల కంగారుగా లోపలికి చూసింది. "నాకేనమ్మా" అంది, పెదవులు కదిలీ కదలనట్టు.

"ఎందుకు?"

"మా అమ్మకి కాన్పు కష్టమయితే ఆసుపత్రిలో ఒకావిడ రాత్రంతా పక్కనే కూర్చుంది. అట్టా కూర్చోవాలని."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అరిగిపోతుందేమోననిపించింది. దరఖాస్తు దగ్గరుండి నింపించాను. చిరునామా దగ్గరికొచ్చేసరికి ఆగాను. పేటకొచ్చే ఉత్తరాలన్నీ ఆసామి ఇంటికే చేరతాయి, అక్కణ్ణుంచి పేటకి ఎప్పుడు కదులుతాయో ఎవరికీ తెలియదు. అందుకని మా కేంద్రం చిరునామా వేయించాను. ఇంటర్వ్యూ కార్డు వస్తే మా చేతికి వస్తుంది, మేం ఆ పిల్ల చేతికిస్తాం. తెలివైన పని చేశాననుకున్నాను. ఇప్పుడు కూడా అందులో తప్పేమిటో చెప్పమంటే నాతో ఎవరూ నెగ్గలేరు.

సరిగ్గా అప్పుడే నాకు శిక్షణ అన్నారు. జిల్లాలోని ఇలాంటి కేంద్రాలన్నిటి నుంచీ ఒక్కొక్కరు పది రోజులు బందరు రావాలి. ఎంత సంతోషపడ్డానో! ఇన్నాళ్ళకి మాకేదో నేర్పుతారు. మా పెద్దాయన్ని పిలిచి, "నేను లేనప్పుడు ఆ పిల్ల కార్డొస్తే తనకే చెప్పండి" అన్నాను. "అలాగే మేడమ్, నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకున్నాడు కూడా, ఆయన పద్ధతిలో.

బందరులో మాకు నేర్పినవి ఇవి. సభకి వచ్చిన అతిథుల్లో ముందు ఎవరికి దండ వెయ్యాలి. వేదిక మీద కుర్చీలు ఎటునుంచి ఎటు వెయ్యాలి. ఫ్లానెల్ గుడ్డ చుట్టిన బోర్డు మీద బొమ్మలు కింద పడకుండా ఎలా అంటించాలి. దీని కోసమే ఒక పూట. వెనక గరుకు కాగితం అతికించిన కోడిపెట్ట బొమ్మ బోర్డు మీద నిలబడుతుంది, కింద ఆరోగ్యం అనే అక్షరాలు. నేనంటించిన కోడి ప్రతిసారీ జారి కింద పడేది. పక్కన కూర్చున్న నూజివీడు వైపు ఆవిడ, "మీ కోడికి మీమీద నమ్మకం లేదండి" అని ఏడిపించేది. భోజనాలు బాగానే పెట్టారు. ఆ మాట కూడా చెప్పాలి.

ఆఖర్న ఒక పూట, కేంద్రానికొచ్చిన యువకుడితో ఎలా మాట్లాడాలన్నది నాటకంలా వేసి చూపిస్తామన్నారు. మాకు పాఠం చెప్పే ఆయన తెల్ల ప్యాంటూ చొక్కా వేసుకుని, బొటనవేలు జేబులో పెట్టుకుని నిలబడేవాడు. ఒకణ్ణి ఉద్యోగిగా కూర్చోబెట్టాడు. ఇంకొకణ్ణి యువకుడిగా లోపలికి రమ్మన్నాడు.

"నమస్కారం సార్. నేను ఇంటరు ప్యాసయ్యాను. పాలిటెక్నిక్ ప్రవేశాల గురించి తెలుసుకుందామని వచ్చాను."

"చాలా సంతోషం. కూర్చోండి."

నాకు ఆగలేదు. లేచాను. "ఏవండీ, ఇలా అడిగే కుర్రాడు మా ఊళ్ళో ఇంతవరకు పుట్టలేదు. మీ దగ్గరుంటే ఒకణ్ణి మాకు పంపించండి, చూపించుకుంటాం."

అందరూ నవ్వారు. పాఠం చెప్పే ఆయన కూడా నవ్వి, "అయితే మీ ఊరి కుర్రాడెలా వస్తాడో మీరే చూపించండి మేడమ్" అన్నాడు.

చూపించాను. యువకుడి వేషం వేసినవాణ్ణి గుమ్మం బయట గోడవైపు తిరిగి నిలబడమన్నాను. మాలో కాస్త వయసు మళ్ళిన, పంచెకట్టులో ఉన్న ఆయన్ని పెద్దమనిషిగా లోపలికి రమ్మన్నాను. ఆయన గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, ఉద్యోగి వేషంలో ఉన్నవాడు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు! ఎవరూ చెప్పలేదు. వాడికే తెలియదు లేచినట్టు. "రండి రండి, కూర్చోండి" అన్నాడు. హాలంతా ఒకటే నవ్వు. బయట గోడవైపు తిరిగి నిలబడ్డవాడు, "నన్నెవరన్నా పిలుస్తారా, నేను ఇంటికి పోనా?" అని కేకేశాడు.

"ఇదండీ మాకు కావలసిన శిక్షణ" అన్నాను. "ఆ బయటవాడితో మాట్లాడటం మాకు రాదు. లోపలున్నాయన్ని నొప్పించకుండా వాణ్ణి లోపలికి పిలవడం రాదు. వాడు నోరు విప్పకపోతే ఏం చెయ్యాలో తెలియదు. కోళ్ళు అంటించడం తర్వాత నేర్పుదురుగాని, ముందు ఇది నేర్పండి."

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది. "పెద్దవాళ్ళొస్తే లేచి నిలబడటం మన మర్యాద. దాన్ని మానుకోమని మేం శిక్షణ ఇవ్వాలా మేడమ్?"

"లేవండి. కూర్చోబెట్టండి. మజ్జిగ ఇవ్వండి. సమాచారం మాత్రం ఎవరి బతుకుదో వాళ్ళకివ్వండి అంటున్నాను."

"పిల్లలకి ఏం తెలుస్తుంది మేడమ్?"

"తెలియకే కదా మన దగ్గరికొస్తున్నారు!"

మళ్ళీ నవ్వులు. ఈసారి నా పక్షాన. నూజివీడు వైపు ఆవిడ నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి, "గెలిచారు, ఇంక ఊరుకోండి" అంది. బందరు నుంచి తిరిగొచ్చే బస్సులో దారి పొడుగునా ఆ గెలుపుని నెమరేసుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు కేంద్రానికి వెళ్ళగానే, "ఆ పిల్ల కార్డేమైనా వచ్చిందా?" అని అడిగాను.

"వచ్చింది మేడమ్. మీరు వెళ్ళిన రెండోనాడే. ఆసామి సంతకొచ్చాడు, పిలిచి ఆయన చేతికే ఇచ్చాను. తేదీ నోటితో కూడా చెప్పాను."

"ఆ పిల్లకి?"

"ఆయన చెబుతానన్నాడు."

"ఆ పిల్ల వెళ్ళిందా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తేదీ వెళ్ళిపోయిందని ఆయనకి అప్పుడే తట్టినట్టుంది.

నేనప్పుడు అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. పక్క కొట్టులో ఎరువు తూస్తున్నవాళ్ళు తూకం ఆపి విన్నారు. "ఆ పిల్లకి చెప్పమని నోరు తెరిచి చెప్పి వెళ్ళానా లేదా? పెనుగొలనుకి బస్సుల్లేవా? మీకు కాళ్ళు లేవా?" ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని నేను ఆగేదాకా విన్నాడు. చివరికి, "మేడమ్, మీరు ఈ ఊరివారే కదా, తెలియనట్టు మాట్లాడతారేంటి?" అన్నాడు. "ఆసామి సంతలో ఎదురుగా ఉండగా ఆయన్ని దాటుకుని నేను పేటలోకి పోయి పిల్లకి చెబితే ఆయనకెంత తలవంపు? ఆ కోపం నామీద చూపిస్తాడా? ఆ పిల్ల నాన్న మీద చూపిస్తాడు. ఏరువాక ముందు పాలేరుని మానిపిస్తే ఆ ఇంటి సంగతేంటి? నేనది ఆలోచించానండీ."

ఆలోచించాడు. అదే నా ఖర్మ. ఏమీ ఆలోచించకుండా చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. పోస్టాఫీసుకి వెళ్ళి, నర్సు ట్రైనింగిచ్చే ఆసుపత్రికి ట్రంకాల్ చేశాను. అటునుంచి మాట్లాడినావిడ మర్యాదగానే చెప్పింది, సీట్లు నిండిపోయాయని.

పెనుగొలను బస్సెక్కాను.

ఆసామి ఇంటి వసారాలో విత్తనాలకి వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళ మధ్య ఆ పిల్లా కూర్చునుంది. నన్ను చూసి లేవబోయి, ఆసామి లోపల్నుంచి రావడం చూసి మళ్ళీ కూర్చుంది.

"రామ్మా, రా. కాస్త మజ్జిగ తాగు. ఎండన పడొచ్చావ్" అన్నాడు ఆసామి.

"మజ్జిగ తర్వాత తాగుతానండీ. ఇంటర్వ్యూ కార్డు మీకిచ్చారంట కదా?"

"కార్డా?" ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఆ, ఆ! సంతలో ఇచ్చాడు. చొక్కా జేబులో పెట్టుకున్నా. ఆ మర్నాడు రెడ్డిగూడెం తోటలో మామిడికాయ కోత, లారీ ఎక్కించే గొడవ. చొక్కా చాకలికి పోయుంటది." నొచ్చుకున్నట్టు చెంప తడుముకున్నాడు. "అయిపోయిందా? అయ్యయ్యో! నాకు తట్టలేదు చూడు. ఎక్కడా ఆసుపత్రి? పద, నేనే వస్తా. నేను మాట్లాడతా వాళ్ళతో."

"మీరు మాట్లాడేది చాలు లెండి" అన్నాను.

వేరుశనక్కాయలు ఒలిచే చేతులన్నీ ఆగాయి. ఆసామి నవ్వడానికి ప్రయత్నించాడు. "ఏంటమ్మా అంత కోపం? వచ్చే ఏడు మళ్ళీ పెట్టరా ఏంటి?"

ఆ పిల్ల వైపు చూశాను. ఆ పిల్ల నావైపు చూడటం లేదు. ఆసామి ముఖంలోకి చూస్తోంది, ఎంత కోపమొచ్చిందో కొలుస్తున్నట్టు.

తిరుగు బస్సుకోసం రోడ్డు మీదికొస్తే, మంచినీళ్ళ బిందె వంకతో నా వెనకే వచ్చింది. ముందు నేనే అందుకున్నాను. "ఈసారి కార్డొస్తే నేనే మీ ఇంటికొచ్చి నీ చేతిలో పెడతాను. ఇంకెవరికీ చెప్పను. సరేనా?"

"వద్దమ్మా."

"వద్దేంటి?"

"అయ్యగారికే చెప్పండమ్మా. నాకు ముందు తెలిసిందని తెలిస్తే మా నాన్ననడుగుతారు, నాకు చెప్పకుండా మీలో మీరే చేసుకునేంత వాళ్ళయ్యారా అని. మా నాన్న అక్కడే చెయ్యాలి కదా."

"మరి ఆయన మళ్ళీ మర్చిపోతే?"

బిందె కింద పెట్టి, ఒలిచి ఒలిచి ఎర్రబడిన బొటనవేలిని రెండో చేత్తో నొక్కుకుంది. "మర్చిపోకుండా మీరే ఇంకోసారి ఆయనకి చెప్పండి" అంది. తర్వాత, చిన్నగా, "ఇందాక అట్టా అనకుండా ఉండాల్సిందమ్మా" అంది.

పద్దెనిమిది కూడా నిండని పిల్ల. నాకు బి.ఎ. ఉంది, నోరుంది, బందరులో హాలంతా నవ్వేలా వాదించి వచ్చాను. సరేనని ఆ పిల్లకి తలూపి బస్సెక్కాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బందరు నుంచి కాగితం వచ్చింది. జరిగిన శిక్షణ ఎలా ఉపయోగపడింది, ఇంకా ఏ విషయాల్లో శిక్షణ అవసరం, రాసి పంపమన్నారు. మా పెద్దాయన దాన్ని నా ముందు పెట్టి, "మీరే రాయండి మేడమ్, మీకైతే చెప్పేవి చాలా ఉంటాయి" అన్నాడు. వెక్కిరింపు కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను కలం తీసుకుని కూర్చున్నాను. బయట నిలబడ్డవాళ్ళతో మాట్లాడటం నేర్పండి అని అక్కడ గొంతెత్తి అడిగింది నేనే. ఆ మాటే రాయబోయాను. నేర్పుతారే అనుకుందాం. మేం నేర్చుకుని, ఆసామిని దాటి ఆ పిల్లతో మాట్లాడతాం. సాయంత్రం మేం తలుపు తాళం వేసుకుని ఇళ్ళకి పోతాం. ఆ పిల్ల తిరిగి ఆయన వసారాలోకే పోవాలి కదా? మమ్మల్ని మార్చినంత మాత్రాన ఏం మారుతుంది? ఆసామికి ఎవరిస్తారు శిక్షణ? ఏ ఊళ్ళో ఇస్తారు, ఏ భోజనాలు పెట్టి? పోనీ మాకేదీ అక్కర్లేదని రాద్దామంటే అది పచ్చి అబద్ధం. మాకు రానిదేమిటో కళ్ళారా చూసి వచ్చానాయె. ఎటు రాసినా అబద్ధమే అనిపించింది. చివరికి, యువతీయువకుల శిక్షణల సమాచారం కాస్త ముందుగా పంపగలరు అని ఒక్క వాక్యం రాసి పంపించాను. మా పెద్దాయన చదివి, "ఇంతేనా?" అన్నాడు. "ఇంతే" అన్నాను.

మరుసటి ఏడు నేను ఆ పిల్ల చెప్పినట్టే చేశాను. ప్రకటన రాగానే ఆసామికి కబురంపి, వచ్చాక చెప్పాను. సంతలో కనబడితే రెండోసారి చెప్పాను. గొంతు తగ్గించి, "దయచేసి మర్చిపోకండి" అని కూడా అన్నాను. ఆయన మర్చిపోలేదు. చెప్పిన రోజుకి తండ్రినీ కూతుర్నీ వెంటబెట్టుకుని పొద్దున్న బస్సుకే వచ్చాడు. పిల్ల జడ వేసుకుని, ఉతికిన వోణీలో వచ్చింది. ఆసుపత్రి నుంచి దరఖాస్తులు కూడా ఆ ఉదయమే వచ్చాయి. మా పెద్దాయన కట్ట విప్పి పైకాగితం చదువుతూ చదువుతూ ఆగి, నాకందించాడు. ఆ ఏటి నుంచి ఇంటరు ప్యాసైనవాళ్ళకే ప్రవేశం. గోడకంటించిన ప్రకటనలో ఆ ముక్క లేదు.

ఆసామికి చెప్పాను. నమ్మలేదు. కాగితం తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గుమ్మంలో ఉన్న పాలేరు వైపు చూశాడు. మనిషికి నిజంగానే బాధ కలిగింది.

"పోయినేడు పదో తరగతికే ఇచ్చారా?"

"ఇచ్చారండీ" అన్నాడు మా పెద్దాయన.

"అట్టాగైతే నాకు పోయినేడే గట్టిగా చెప్పొద్దూ అమ్మా!" అన్నాడు ఆసామి నాతో. "నాకు తెలిస్తే నేనే దగ్గరుండి తీసుకుపోయేవాణ్ణి కాదూ? ఆఫీసుల్లో కూర్చుని మీరు చేసేదేంటి మరి?"

పోయినేడు కార్డు ఆయన జేబులోనే ఉండిపోయిందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆసామి భుజం మీంచి, అరుగు మీద నిలబడ్డ ఆ పిల్ల నన్నే చూస్తోంది. వద్దని తల అడ్డంగా ఊపింది, ఆయనకి కనపడకుండా.

"పొరపాటైందండీ" అన్నాను.

"సర్లే, ఏం చేస్తాం" అని ఆయన కండువా దులుపుకుని లేచాడు. పెనుగొలను బస్సు వచ్చే వేళయిందని ముగ్గురూ రోడ్డు దాటారు. ఆయన ముందు, వెనక పాలేరు, ఆ వెనక ఆ పిల్ల.